నైరుతి మూల నీళ్లు

"తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిందేమైనా ఉందా?" అన్నాడు ఎలీషా.

వంటింట్లో ఉన్న హెప్సిబా చేతిలో పని ఆపింది. ఆ రోజు ఆదివారం కాదు. బడికి వేసవి సెలవులు. ఊళ్లో పెళ్లీ లేదు, చావూ లేదు. పొద్దున ఏడింటికి మొగుడు తెల్ల చొక్కా అడిగాడంటే ఎక్కడికి బయల్దేరాడో ఒకరు చెప్పక్కర్లేదు.

"బావగారింటికేనా?" అంది.

"ఊఁ."

"ఒక్కరేనా? నేనూ రావాలా?"

"నువ్వు రాకపోతే వెళ్లి ఏం ప్రయోజనం?" ఎలీషా గుమ్మం దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట, హెప్సిబా. వదిన ముందు నిలబడి తప్పయిపోయింది అను. రెండు నిమిషాల పని. సాయంత్రానికల్లా మన కుళాయిలో నీళ్లొస్తాయి."

"చెయ్యని తప్పు నా నోటితో ఎలా ఒప్పుకోమంటారండీ?"

"చెయ్యలేదని నాకు తెలుసు."

"మీకు తెలిసి ఏం లాభం? ఆ మాట మీ అన్నయ్య ముందు ఒక్కసారైనా అన్నారా?"

ఎలీషా చూపు తిప్పుకున్నాడు. చల్లపల్లి చుట్టుపక్కల ఏ గుళ్లో నిలబెట్టినా గంటసేపు వాక్యం చెప్పగల మనిషి. క్లాసులో కన్నెర్ర చేస్తే నలభై మంది పిల్లలు నోళ్లు మూసుకునే మాస్టారు. అన్న ఎదురుపడితే మాత్రం గోడకేసి చూసే రకం. పెళ్లయిన పందొమ్మిదేళ్లుగా హెప్సిబాకు ఆ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

అసలు జరిగింది గోరంత. మహిళా సమాజం కూటంలో ఎవరో, మార్త మెడలో కొత్త గొలుసు రోల్డ్‌గోల్డ్ అన్నారు. అన్నది ఎవరో ఆ ప్రభువుకే తెలియాలి. మాట తిరిగి తిరిగి మార్త చెవిన పడేసరికి, అన్నది తోడికోడలు హెప్సిబాయే అని తేలిపోయింది. మర్నాడే జయపాల్, తన బోరు నుంచి తమ్ముడింటికి పదకొండేళ్లుగా నీళ్లిస్తున్న పైపు కట్టేశాడు. రెండు పెరళ్ల మధ్య ఉన్న చిన్న గేటుకు తన వైపు నుంచి తాళం వేశాడు. హెప్సిబా స్వయంగా వచ్చి మార్తకు క్షమాపణ చెబితేనే తాళం తీస్తానని కబురు పంపాడు. ఇది జరిగి ఇరవై రోజులు.

కాలవలు కట్టేసిన మే నెల. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినా నాలుగు బిందెలకు మించి పట్టనివ్వదు. సొంత బోరు వేయిద్దామని పోయిన గురువారం లారీ మిషను తెప్పిస్తే, అది నూట నలభై అడుగులు దిగి ఉప్పునీళ్లు కక్కింది. ఆ నీళ్లతో టీ పెడితే పాలు విరిగాయి. పప్పు పెడితే కుక్కర్ తొమ్మిది కూతలు కూసినా గింజ గింజలాగే ఉంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు.

గోడ అవతల మార్త వంటింట్లో కుక్కర్ కూసింది. మళ్లీ కూసింది. మళ్లీ.

"వాళ్లకేం, పొద్దున్నే మాంసం వండుకుంటున్నారు," అంది హెప్సిబా కసిగా.

ఎలీషా ఇక భార్యతో లాభం లేదనుకుని వసారాలోకి నడిచాడు. అక్కడ అతని తల్లి అమలమ్మ నేలమీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పటి నుంచి ఆమె ఇద్దరి సంగతుల్లోనూ నోరు పెట్టడం మానేసింది. చిన్నకొడుకు దగ్గర ఉంటుంది, పెద్దకొడుకు మంచి మాట అంటే నవ్వుతుంది, చెడ్డ మాట అంటే విననట్టు ఊరుకుంటుంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు. బోరు చూస్తే అలా అయింది. ఇంక అన్నయ్య కాళ్లు పట్టుకోవడం తప్ప దారేముంది?"

అమలమ్మ చేట ఆపింది. గోడ అవతల కుక్కర్ ఇంకోసారి కూసేదాకా ఆగింది.

"పన్నెండు," అంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. బోరు ఎక్కడ ఏశావురా?"

"అదేంటమ్మా, కళ్లారా చూశావుగా. ఈశాన్యం మూల."

"పెద్ద డ్రెయిను కాలవకి ఆనుకుని."

"అవును."

"పున్నానికీ అమాసకీ ఆ డ్రెయిన్లోకి సముద్రం ఎగదన్నుద్దని మీ నాయన నీకు చెప్పలా?"

ఎలీషాకు గుర్తుంది. చెప్పాడు, నిజమే. కానీ బోరు ఈశాన్యంలో ఉంటే మంచిదని మిషనువాడూ అన్నాడు, బళ్లో తోటి మాస్టర్లూ అన్నారు. ఎలీషా సంఘపెద్ద. వాస్తు చూస్తున్నాడని ఎవరైనా అంటే కళ్లెర్రజేస్తాడు. ఇల్లు కట్టినప్పుడు మాత్రం తలుపు తూర్పుకే వచ్చింది, పొయ్యి ఆగ్నేయానికే వచ్చింది. అడిగినవాళ్లకు గాలి కోసం, వెలుతురు కోసం అని చెప్పుకున్నాడు.

"మరి మంచినీళ్లు ఎక్కడున్నాయత్తయ్యా?" హెప్సిబా అట్లకాడ చేత్తో పట్టుకునే వచ్చి అడిగింది.

అమలమ్మ లేచి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ ఇంటి వెనక్కి నడిచింది. బట్టలుతికే బండ దాటి, సీతాఫలం చెట్టు దాటి, పెరటి చివర మట్టి ఎత్తుగా ఉన్న మూల ఆగింది.

"ఇక్కడ చెలమ ఉండేది. నేను కాపురానికొచ్చినప్పుడు ఇదంతా ఇసకదిబ్బ. చేత్తో ఇసక తోడితే నీళ్లూరేవి. పిల్లలిద్దరికీ ఆ నీళ్లే పోశాను. మిద్దె కట్టేటప్పుడు వీడు దానిమీద ట్రాక్టర్లతో మట్టి పోయించాడు."

ఎలీషా ముఖం పాలిపోయింది. అది ఇంటికి నైరుతి మూల. నైరుతి ఎత్తుగా ఉండాలని అందరిలాగే అతనూ విన్నాడు, పడగొట్టిన పాత బడి గోడల రాళ్లూ ఇటుకముక్కలూ తెచ్చి మరీ మెరక చేయించాడు. వాననీళ్లు డ్రెయిను వైపు పారాలని అప్పట్లో అందరికీ చెప్పాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"ఎవరడిగారమ్మా నన్ను?" అంది అమలమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు. "వాటాలప్పుడు చెబితే ఇద్దరూ ఈ మూల కోసమే కొట్టుకునేవాళ్లు."

హెప్సిబా అట్లకాడ సీతాఫలం చెట్టు కొమ్మకు తగిలించి, కొంగు బొడ్లో దోపింది.

"ఏవండీ, చొక్కా సంగతి తర్వాత. బసవపున్నయ్యగారికి ఫోను చెయ్యండి."

బసవపున్నయ్య చేత్తో ఫిల్టర్ పాయింట్లు, అంటే లోతు లేని ఇసక బోర్లు, దించే మేస్త్రి. మిషన్లొచ్చాక అతని పని తగ్గింది గాని పేరు తగ్గలేదు. ముగ్గురు మనుషుల్నీ ఇనప గొట్టాల్నీ ఆటోలో వేసుకుని ఎనిమిదిన్నరకల్లా దిగాడు. మూల చూశాడు, సూర్యుణ్ణి చూశాడు, తలపాగా విప్పి దులుపుకున్నాడు.

"ఇక్కడ నేను గునపం దించనండీ."

"ఏం, నీళ్లు పడవా?" అంది హెప్సిబా.

"పడతయ్యో పడవో తర్వాతమ్మా. ఇది నైరుతి. నైరుతిలో గొయ్యి తీస్తే ఇంటి యజమానికి మంచిది కాదు. రేపు మాస్టారికి కాల్లో ముల్లు గుచ్చుకున్నా బసవపున్నయ్య వల్లే అంటారు. నలభై ఏళ్ల పేరు నాది."

"మేం క్రైస్తవులం. మాకవేం లేవండీ."

"మీకు లేవమ్మా, నాకున్నయ్‌గా," అన్నాడు బసవపున్నయ్య మర్యాదగానే. ఆ తర్వాత ఎలీషా వైపు తిరిగాడు. "ఏం మాస్టారూ, మీరేమంటారు?"

ఎలీషా కళ్లజోడు తుడుచుకున్నాడు. మేస్త్రి కాదన్నందుకు అతని ముఖంలో కాస్త తెరిపి కనిపించింది. అది చూసి హెప్సిబాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం గుళ్లో విశ్వాసం గురించి గంటసేపు మాట్లాడిన మనిషి ఈయనేనా అనుకుంది. నలుగురిలో అనలేక పెదవి కొరుక్కుంది.

అప్పుడు అమలమ్మ, ఎవరితోనూ కాకుండా ఆ మట్టితోనే మాట్లాడుతున్నట్టు అంది.

"ఇల్లు కట్టాకే గదయ్యా ఇది నైరుతి అయింది?"

బసవపున్నయ్య ఆమె వైపు చూశాడు.

"నేనొచ్చినప్పుడు ఇక్కడ ఇల్లు లేదు. పాక అదిగో, ఆ కొసన ఉండేది. అప్పుడిది నైరుతీ కాదు, ఈశాన్యమూ కాదు. నీళ్లు అప్పుడూ ఇక్కడే ఉన్నయ్. ఇల్లు తర్వాతొచ్చి వాటి నెత్తిన కూర్చుంది. ఇప్పుడు తప్పు నీళ్లదా, ఇంటిదా?"

బసవపున్నయ్య తలపాగా మళ్లీ చుట్టుకోబోయి ఆగిపోయాడు. తలపాగా చేతిలోనే ఉంచుకుని మూల చుట్టూ ఓసారి తిరిగాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"పెద్దమ్మగారూ, ఈ మాట మా ఊరి సిద్ధాంతి ముందు అనమాకండి, పాపం ఆయన పొట్ట కొట్టినట్టు అయిద్ది. సరే, దించుతా. కాకపోతే నా కొబ్బరికాయ నేను కొట్టుకుంటా."

"కొట్టుకో నాయనా. మా ప్రార్థన మేం చేసుకుంటాం."

అమలమ్మ కళ్లు మూసుకుని రెండు మాటల ప్రార్థన చేసింది. ఆమేన్ అన్నవాళ్లలో మేస్త్రి మనుషులు కూడా ఉన్నారు. బసవపున్నయ్య వీధి గేటు బయట కొబ్బరికాయ కొట్టి ముక్కలు అందరికీ పంచాడు. ఎలీషా తన ముక్క కాసేపు చేతిలో పట్టుకుని, హెప్సిబా చూడటం లేదనుకుని నోట్లో వేసుకున్నాడు.

పని మొదలైన పావుగంటకే ఆగిపోయింది. గొట్టం రెండడుగులు దిగి ఖంగుమంది. పక్కన దించితే అక్కడా ఖంగుమంది. కింద పాత బడి గోడ రాళ్లూ, కాంక్రీటు పెళ్లలూ పరిచి ఉన్నాయి. ఎలీషా స్వయంగా నిలబడి పోయించిన సరుకు.

"మెరకంతా తవ్వి తీస్తేగాని లాభం లేదు," అన్నాడు బసవపున్నయ్య. "నా వాళ్లు గొట్టం దించేవాళ్లు, మట్టిపని వాళ్ల వల్ల కాదు. కూలీల్ని పిలిపించుకుంటే రేపొస్తా."

రేపు. రేపంటే ఈ రాత్రంతా ఎలీషా మళ్లీ ఆలోచిస్తాడు. మళ్లీ తెల్ల చొక్కా బయటకొస్తుంది. హెప్సిబా గోడకానించి ఉన్న పలుగు అందుకుంది.

"ఇటివ్వు," అన్నాడు ఎలీషా.

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఎలీషా కళ్లజోడు తీసి తల్లి చేతికిచ్చాడు. లుంగీ ఎగ్గట్టాడు. నైరుతి మూలలో, ఇంటి యజమాని గొయ్యి తియ్యకూడదని లోకమంతా చెప్పే చోట, మొదటి దెబ్బ తానే వేశాడు. ఆ దెబ్బ వేసేటప్పుడు కళ్లు మూసుకున్న మాట నిజమే. రెండో దెబ్బకు తెరిచాడు.

పది దాటేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. నడుం లోతు గొయ్యి అయింది. మేస్త్రి మనుషులు చూస్తూ కూర్చోలేక వాళ్లూ తట్టలందుకున్నారు. హెప్సిబా రాళ్లు మోసి గోడవార పేర్చింది. చాక్‌పీసు తప్ప మరేదీ పట్టని చేతులు బొబ్బలెక్కాయి గాని ఎలీషా పలుగు వదల్లేదు.

అప్పుడు గోడ అవతల మేడమీద నుంచి గొంతు వినిపించింది.

"ఏరా ఎలీషా! ఏంట్రా ఆ పని?"

జయపాల్. పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి కిందికి చూస్తున్నాడు. రిటైరయిన ఇరిగేషన్ గుమాస్తా. ఊళ్లో ఎవరింట్లో పైపు వేసినా ఒక మాట చెప్పకుండా ఉండలేడు.

"నైరుతిలో గొయ్యి తీస్తున్నావా? మతి ఉండే చేస్తున్నావా? కొంప మునిగిపోద్ది!"

హెప్సిబా గంప దించి మొగుడికేసి చూసింది. ఇన్నేళ్ల అలవాటు ప్రకారం ఆయన ఇప్పుడు గోడకేసి చూస్తాడు. పలుగు పక్కన పెడతాడు. అన్నయ్య చెప్పింది కూడా నిజమేమోనంటాడు.

ఎలీషా పలుగు మీద బరువు ఆనించి తలెత్తాడు. ముఖమంతా మట్టి, ఆ మట్టిలో చెమట చారలు.

"నీళ్లతోనే మునిగితే అంతకన్నా కావలసిందేముందన్నయ్యా?"

మేస్త్రి మనుషుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు.

"పెద్దా చిన్నా లేదా? నీ పెళ్లాం నేర్పిందా ఈ మాటలు?"

"ఇంకో మాట కూడా ఉందన్నయ్యా." ఎలీషా మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఆ గొలుసు మాట హెప్సిబా అనలేదు. తను అలాంటి మనిషి కాదు. ఇరవై రోజుల నుంచి చెబుదామనుకుంటున్నా, నోరు రాలేదు. తప్పు చెప్పుకోవలసి వస్తే, ఇన్నాళ్లూ ఊరుకున్నందుకు నేను నా పెళ్లానికి చెప్పుకోవాలి. అది అయిపోయాక నీ దగ్గరకొస్తా."

మేడమీద జయపాల్ పిట్టగోడ వదిలి వెనుదిరిగాడు. ఆ తర్వాత మెట్లమీద చెప్పుల చప్పుడు, కింద తలుపు ధడేలున మూసిన చప్పుడు వినిపించాయి.

హెప్సిబాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఏదో ఒకటి అనాలనిపించింది. పందొమ్మిదేళ్లుగా ఈ ఒక్క మాట కోసమే తను కాచుకుని ఉన్నానని అప్పుడే తెలిసినట్టయింది. చివరికి లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చి, మొగుడి చేతికి అందించకుండా తానే పట్టుకుని తాగించింది. అందరూ చూస్తున్నారని ఎలీషా సిగ్గుపడ్డాడు. ఆమె పడలేదు.

మధ్యాహ్నానికి మెరక కిందికి దిగారు. మూడు వెదుళ్లు కట్టి, గొట్టం తాడుతో లేపి వదలడం మొదలుపెట్టారు. ఇద్దరు తాడు లాగుతుంటే, బసవపున్నయ్య గొట్టం మూతిని అరచేత్తో మూసి, తీసి, మూసి, తీసి. తీసినప్పుడల్లా కింది మట్టి నీళ్లతో కలిసి పైకి చిమ్మింది. ముందు పసుపు మట్టి వచ్చింది. తర్వాత జిగురు బంకమట్టి వచ్చింది. పద్నాలుగో అడుగు దగ్గర బసవపున్నయ్య చేతిలో పడినదాన్ని వేళ్ల మధ్య నలిపి అమలమ్మకు చూపించాడు.

తెల్లటి ఇసుక. పంచదారలా గరగరలాడుతోంది.

"అదే," అంది అమలమ్మ. ఆ ఇసుకను కొంగున కట్టుకుంది.

ఇరవై అడుగులు. ఇరవై నాలుగు. అంతా ఇసుకే. ఇరవై తొమ్మిది దగ్గర గొట్టంలోంచి నల్లటి మట్టి చారలా వచ్చింది. బసవపున్నయ్య చెయ్యెత్తి తాడు ఆపించాడు.

"ఇసక అయిపోయింది. కింద నల్లబంక. ఏం చేద్దామంటారు?"

"ఇంకో గొట్టం దించండి," అన్నాడు ఎలీషా ఉత్సాహంగా. బొబ్బలెక్కిన చేతులకు గెలుపు రుచి తగిలింది మరి. "ఇంత కష్టపడ్డాం. లోతుకెళ్లేకొద్దీ నీళ్లు ఎక్కువ కదా?"

"వద్దు," అంది హెప్సిబా.

"అదికాదు..."

"నూట నలభై అడుగులు దించి చూశాం కదండీ. లోతుకెళితే ఏం వస్తుందో మన టీ గిన్నె చెప్పింది. ఇక్కడ ఆపెయ్యండి, బసవపున్నయ్యగారూ."

మేస్త్రి ఎలీషా వైపు చూశాడు. ఎలీషా రెండు చేతులూ ఎత్తేశాడు.

"అమ్మగారు చెప్పిందే సరైందండీ," అన్నాడు బసవపున్నయ్య. "ఈ ఇసకలో మంచినీళ్లు పైన ఉంటయ్, కింద ఉప్పు. పైపైన తోడుకుంటే మీ మనవళ్ల దాకా వస్తయ్. ఆశపడి పెద్ద మోటారు పెట్టి లాగారా, కింద ఉప్పు పైకొచ్చి కూర్చుంటది. ఇక పోదు. మీకు చిన్న మోటారు చాలు."

గాట్లు పెట్టిన పైపుకు జాలీ వల చుట్టి దించారు. మేస్త్రి తెప్పించిన చిన్న మోటారు బిగించారు. మూడున్నరకు ఎలీషా స్విచ్చి వేశాడు. పైపు గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు దగ్గి, బురద కక్కింది. బురద పల్చబడింది. మడ్డినీళ్లయింది. పావుగంట పోయాక నీళ్లు తెల్లగా, పైపు నిండుగా, చెయ్యి అడ్డం పెడితే తోసేసేంత జోరుగా దూకాయి.

అందరూ హెప్సిబాకేసి చూశారు. ఆమె పుట్టిల్లు మంగళగిరి. తండ్రి ఫిలిప్ నూలుకు రంగులద్దేవాడు. రంగు కలిపే ముందు నీళ్లు నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేవాడు. హెప్సిబా దోసిలి పట్టి అలాగే చేసింది. నాలుక కింద, బుగ్గల్లో, గొంతు దగ్గర, ఎక్కడా ఉప్పు లేదు. మింగింది. ఇంకో దోసిలి పట్టి ముఖాన కొట్టుకుంది, ఇంకోటి మొగుడి ముఖాన కొట్టింది.

"తియ్యగా ఉన్నాయి!" అని అరిచింది. ఆ అరుపు వీధి చివరికి వినిపించి ఉంటుంది.

ఎలీషా గొట్టం కింద తల పెట్టేశాడు. మట్టంతా కారిపోతుంటే బిగ్గరగా స్తోత్రగీతం ఎత్తుకున్నాడు. గుళ్లో ఎప్పుడూ శ్రుతి తప్పని మనిషి ఆ రోజు పూర్తిగా తప్పాడు. అమలమ్మ పైట చెంగు తడిపి కళ్లకు అద్దుకుని, చాలాసేపు తియ్యలేదు.

బసవపున్నయ్య మాత్రం గొట్టాలు ఆటోలో సర్దుకోలేదు. అతనికో పద్ధతి ఉంది. కొత్త నీళ్లతో వండిన పప్పు తిన్నాకే ఆ ఇంటి గడప దిగుతాడు.

"నాలిక మోసపోయిద్దమ్మా, ఆశ మీద ఉంటది. పప్పు మోసపోదు. కుక్కర్ వద్దు, వట్టి గిన్నెలో పెట్టండి."

హెప్సిబా కందిపప్పు కడిగి గిన్నెలో పెట్టి పొయ్యి వెలిగించింది. ఎన్నో పరీక్షలు పెట్టిన ఎలీషా తనే ఫలితాల కోసం చూస్తున్న కుర్రాడిలా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పావుగంట గడిచింది. హెప్సిబా గరిటెతో నాలుగు గింజలు తీసి బొటనవేలితో నొక్కింది. వెన్నలా నలిగిపోయాయి.

ఆమె గరిటె పైకెత్తి చూపించింది. ఎలీషా ఆ పప్పు వేడివేడిది నోట్లో వేసుకుని, నాలుక కాల్చుకుని, ఇంకాస్త అడిగాడు.

నెయ్యి వేసి, ఆవకాయ వేసి, అందరికీ వసారాలో విస్తళ్లు వేసింది. బసవపున్నయ్య ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని తలాడించాడు. "ఇప్పుడయింది నా పని," అన్నాడు. మళ్లీ వడ్డించమని విస్తరి ముందుకు జరిపాడు.

గోడ అవతల కుక్కర్ కూసింది.

హెప్సిబా వడ్డిస్తూ పట్టించుకోలేదు. రెండోది, మూడోది. ఆరోదానికి చెయ్యి ఆగింది. తొమ్మిదోదానికి గరిటె గిన్నెలో వదిలేసి అత్తగారి ముఖంలోకి చూసింది. అమలమ్మ వేళ్లు కణుపుల మీద లెక్కపెడుతున్నాయి.

తొమ్మిది కూతలు. వారం రోజులుగా తన కుక్కర్ కూసిన కూతలే అవి. గోడ మీదుగా వస్తున్న వాసన మాంసానిది కాదు, వట్టి పప్పుది.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా. "వాళ్ల నీళ్లు కూడా..."

"ఉప్పయినయ్. పోయినేడు పెద్ద మోటారు బిగించాడుగా."

"నేను వద్దని చెప్పా, విన్లా," అన్నాడు బసవపున్నయ్య తల దించుకుని.

"తాళం పడ్డ రోజు నించే కూతలు పెరిగినయ్. మొదట్లో చుట్టాలొచ్చారనుకున్నా. రోజూ చుట్టాలొస్తారా? పొద్దున పన్నెండు లెక్కపెట్టాక అనుమానం తీరింది." అమలమ్మ కొంగు ముడి విప్పి ఇసుకను చూసుకుంది. "ఒకడికి నీళ్లున్నన్నాళ్లూ, రెండోవాడికి ఇవ్వకపోతాడా, కలవకపోతారా అని చూశానమ్మా. ఇద్దరికీ లేకుండా పోయాక ఇంకా దాచుకునేదేముంది?"

హెప్సిబాకు అంతా ఒక్కసారి అర్థమైంది. బావగారు పైపు కట్టేసింది గొలుసు కోసం కాదు. పైపులో ఉప్పు వచ్చిందని తమ్ముడికి తెలియకూడదని. ఊరందరికీ నీళ్ల గురించి సలహాలిచ్చే మనిషి తన బోరు తానే పాడుచేసుకున్నానని ఎలా చెప్పుకుంటాడు? క్షమాపణ చెప్పమన్నది కూడా, హెప్సిబా చచ్చినా చెప్పదని తెలిసే.

మొదట కడుపు మండింది. ఇరవై రోజులు! ఇరవై రోజులు తనను దోషిని చేసి నిలబెట్టారు. ఆ తర్వాత, ఉడకని పప్పు ముందు ఉడికిందా లేదా అని గరిటెతో తీసి నొక్కి చూస్తున్న మార్త కళ్లముందు మెదిలింది. ఎవరితోనూ చెప్పుకోలేక, పక్కింటి తోడికోడల్ని నాలుగు బిందెలు అడగలేక. మండుతున్న చోటే ఏదో మెత్తబడింది.

ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది. మోటారు వేసి ఇత్తడి బిందె నిండా పట్టింది. గిన్నెలో మిగిలిన పప్పు మీద మూత పెట్టి చంకన ఇరికించుకుంది. బిందె భుజానికెత్తుకుని చిన్న గేటు దగ్గరకు నడిచింది. ఎలీషా సగం తిన్న విస్తరి వదిలేసి వెనకాలే వచ్చాడు.

"హెప్సిబా, ఏం చేస్తున్నావు?"

"మీరు పొద్దున రమ్మన్నారుగా, వదినగారింటికి. ఇప్పుడు వస్తున్నా."

గేటుకు తాళం అటువైపు ఉంది. ఆమె చేతి గాజులతో ఇనుప రేకు మీద గట్టిగా కొట్టింది.

"మార్తక్కా! పొయ్యి ఆపెయ్యి. నీళ్లు తెచ్చా. మంచినీళ్లు!"

అవతల కుక్కర్ పదకొండో కూత సగంలో ఆగిపోయింది. ఇంట్లో ఎవరో ఏదో అన్నారు. ఎవరో ఏడ్చినట్టు వినిపించింది. ఆ తర్వాత తాళాల గుత్తి చప్పుడు, గేటు వైపు వస్తున్న చెప్పుల చప్పుడు.

హెప్సిబా నవ్వబోయి ఆగింది. ఆ చెప్పులు మార్తవి కావు. పొద్దున మేడ మెట్లమీద విన్నవే. ఎలీషా కూడా గుర్తుపట్టాడు. ముందుకొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

అడుగులు గేటు అవతల ఆగాయి. తాళంచెవి తాళంలో దూరింది. దూరి, తిరక్కుండా అలాగే ఉండిపోయింది.

హెప్సిబా బిందె దించలేదు.